పింగాణి పరీక్ష



మన ప్రాంతమున ఊరగాయ జాడీ లేని తెలుగు ఇల్లు అరుదు. పైన గోధుమవన్నె, క్రింద తెలుపు, తాకినచో వ్రేలు జారునంత నునుపు. దానిని మనము పింగాణి జాడీ అందుము. టీ త్రాగెడి కప్పును, తెల్లని పళ్ళెమును గూడ పింగాణి యనియే అందుము. కాని మన జాడీకిని, చీనాదేశపు ప్రాచీన పింగాణికిని భేదము కలదు. జాడీ మట్టి ముతకది. అది విరిగినచోట బూడిదరంగుగనో పసుపుగనో కనబడును. వెలుతురు దానిలో చొరదు. నిజమైన పింగాణి విరిగినచోట తెల్లగా, సన్నగా, చక్కెరబిళ్ళవలె నుండును. పలుచని పింగాణి గిన్నెను దీపమున కెదురుగా పట్టినచో వెనుకనున్న వ్రేళ్ళ నీడ మనకు కనబడును.

అట్టి పింగాణిలో ప్రాతదానిని క్రొత్త నకలునుండి వేరుచేయుట ఎట్లో ఈ పాఠమునందు చెప్పదలచితిమి. ఇది మాకు మొదటినుండి తెలిసిన విద్య కాదు. ఒక తప్పుచేసి నేర్చుకొన్నది. కనుక ఆ తప్పును ముందుగా చెప్పుట న్యాయము.

మూడేండ్ల క్రిందట మా తరగతి విద్యార్థిని తండ్రి, ఊరిలో చిన్న వ్యాపారము చేయువారు, గుడ్డలో చుట్టిన యొక పూలకూజాను తీసికొని మాయొద్దకు వచ్చిరి. తెల్లని కూజాపై నీలిరంగు తీగలును, పూవులును ఉండెను. ఊరూర తిరిగి ప్రాతసామానులు అమ్ము నొకడు, అది మింగు వంశపు రాజులనాటిదనియు, ఐదువందల ఏండ్ల వయసు గలదనియు ఆయనతో చెప్పెనట. వెల 18,000 రూపాయలు. అందులో 3,000 రూపాయలు బయానాగా నిచ్చియుండిరి. తక్కిన 15,000 రూపాయలు పెద్దకుమార్తె కళాశాల రుసుమునకై దాచిన సొమ్ము. "అయ్యవారూ, మీరు చదువుకొన్నవారు. అడుగున చీనా అక్షరములున్నవి. నిజమైనదేనా, చూచి చెప్పండి" అని ఆయన అడిగిరి.

పొరుగు రాష్ట్రమున మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో కొన్న కళాచరిత్ర గ్రంథమొకటి మాయొద్ద నుండెను. దానిలోని ముద్రను, కూజా అడుగునందలి ముద్రను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ఆరక్షరములును సరిపోయినవి. తెలియని లిపిని పోల్చగలిగితిమన్న సంతోషముతో "నిజమైనదే" అని చెప్పితిమి. ఆ మాటను నమ్మి ఆయన తక్కిన సొమ్ము చెల్లించిరి.

నెల తిరుగకమునుపే, అప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆయన చిన్నకుమార్తె ఆ కూజాను బడికి తెచ్చినది. విజ్ఞానశాస్త్రపు గదిలోని భూతద్దముతో దానిని చూచి, మమ్ము పిలిచి, "అయ్యవారూ, ఇది కుంచెతో గీచిన గీతయైనచో ఇందులో ఇన్ని చుక్కలెందుకున్నవి?" అని అడిగినది. మేమును చూచితిమి. ప్రతి తీగయు, ప్రతి ఆకును, వార్తాపత్రికలోని బొమ్మవలె, వరుసలుగా పేర్చిన సన్నని చుక్కలతో నిండియుండెను. అది కుంచెపని కాదు, అచ్చుపని. మేము అక్షరములను చదివితిమి గాని పాత్రను చదువలేదు.

పాత్రను చదువుట యెట్లో ఇక చూతము.

పింగాణి పుట్టుక

చీనాదేశమున జియాంగ్‌షీ రాష్ట్రమందు జింగ్‌డెజెన్ అను పట్టణము కలదు. సుంగు వంశపు చక్రవర్తి యొకడు 1004లో తన పాలనాశకమునకు జింగ్‌డె అను పేరు పెట్టెను. పట్టణమునకు ఆ పేరే వచ్చినది. అక్కడి పింగాణికి రెండు పదార్థములు ముఖ్యము. ఒకటి కేయొలిన్ అను తెల్లమన్ను. ఆ పట్టణమునకు సమీపమున గల గావ్‌లింగ్ అను చోటి పేరే ఈ మన్నునకు పేరైనది. రెండవది పొడిగా దంచి నూరిన యొక విధమగు తెల్లరాయి. మన్ను పాత్రకు నిలకడ నిచ్చును. రాయి వేడికి కరగి, గాజువలె మారి, మన్నును పట్టి యుంచును. ఇందులకు సుమారు 1,300 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. మన కుమ్మరి ఆవములో అంత వేడి పుట్టదు.

తెలుపు మీద నీలము వేయుటకు కోబాల్టు అను లోహపు ఖనిజమును నూరి, నీటిలో కలిపి, పచ్చి పాత్రపై కుంచెతో వ్రాయుదురు. దానిపై గాజుపూత పూసి, ఒక్కసారిగా కాల్చుదురు. కావున నీలిరంగు పూత క్రింద నుండును. గోటితో గీకినను పోదు. 1712లో దాంత్రకోల్ అను ఫ్రెంచి క్రైస్తవ గురువు తన దేశమునకు వ్రాసిన లేఖలో, ఒక్క పాత్ర తయారగునప్పటికి డెబ్బదిమంది చేతులమీదుగా పోవునని తెలిపెను. ఆ చేతుల జాడలే మనము వెదకవలసినవి.

నకలు చేయుట అంతయు మోసమేనా?

కాదు. తాళపత్ర గ్రంథములను ప్రతి వ్రాసిన మన లేఖకులను తలచుకొనుడు. మూలములోని పద్యములతోబాటు, వెనుకటి లేఖకుడు చివర వ్రాసిన మాటలను గూడ కొందరు భక్తితో ఎత్తి వ్రాసిరి. అది మోసము కాదు. చీనా కుమ్మరులును పూర్వుల పనిని గౌరవించి వారి పాత్రలవంటి పాత్రలను చేసిరి. చక్రవర్తి కొలిమిశాలలకు పర్యవేక్షకుడైన టాంగ్ యింగ్ 1735లో అక్కడ తయారగుచుండిన రకములను వరుసగా పేర్కొనెను. వానిలో ప్రాచీన పాత్రల ననుసరించి చేసినవి పెక్కులు కలవు. చక్రవర్తి కోరి చేయించుకొన్న నకళ్ళవి. నేడు వాని వెలయు మిక్కుటమే.

మోసమును ప్రాతదే. దాంత్రకోల్ తన లేఖలో ఒక వింత చెప్పెను. క్రొత్త పాత్రలను కొవ్వు మిక్కిలిగా గల మాంసపు రసములో నుడికించి, పిదప మిక్కిలి మురికియైన కాలువలో నెలయో అంతకు మించియో ఉంచి, బయటికి తీసి, మూడు నాలుగు వందల ఏండ్ల నాటివని చెలామణి చేయుచుండిరట! మూడు శతాబ్దముల క్రిందటనే ఇట్లున్నచో, నేటి సంగతి చెప్పనేల? 2014లో హాంకాంగు వేలములో, కోడి బొమ్మలు గల చిన్న మద్యపాత్ర యొకటి, అరచేతిలో నిముడునది, 28 కోట్ల హాంకాంగు డాలర్లకు మించి పలికినది. అది మింగు వంశపు చెంగ్‌హువా పాలనాకాలము (1465–1487) నాటిది. ఇంత ధనమున్న చోట నకలు చేయువారు ఊరకుండరు.

మొదటి పరీక్ష: ముద్ర

అడుగున నుండు ముద్ర సాధారణముగా ఆరక్షరములు గలది. మూడేసి చొప్పున రెండు నిలువు వరుసలుగా వ్రాయుదురు. కుడివరుసను పైనుండి క్రిందికి చదివి, పిదప ఎడమవరుసను చదువవలెను. మొదటి అక్షరమునకు "మహా" అని అర్థము. రెండవది వంశము పేరు: మింగ్ (1368–1644) గాని ఛింగ్ (1644–1912) గాని. మూడు నాలుగు అక్షరములు పాలనాశకపు పేరు. ఐదవదానికి సంవత్సరములనియు, ఆరవదానికి చేయబడినదనియు అర్థము. అనగా "మహామింగు వంశపు చెంగ్‌హువా సంవత్సరములలో చేయబడినది" అని భావము.

ఇది చదువుట నేర్చుకొనదగినదే. కాని సాక్ష్యముగా మిక్కిలి బలహీనమైనది. 1677లో జింగ్‌డెజెన్ అధికారి యొకడు పాత్రలపై నాటి చక్రవర్తి శకమును వ్రాయరాదని ఆజ్ఞ చేసెను. పాత్ర పగిలినచో ఆ పేరు కాళ్ళక్రింద పడునని కారణము చెప్పుదురు. అప్పుడు కుమ్మరులు కొందరు ముద్రచోటున వట్టి వలయములు గీచిరి. కొందరు రెండువందల ఏండ్ల వెనుకటి చెంగ్‌హువా పేరు వ్రాసిరి. కావున చెంగ్‌హువా ముద్రగల పాత్ర మూడువందల ఏండ్ల నాటిదై యుండవచ్చును, నిన్నటిదై యుండవచ్చును.

ముద్ర ప్రాతదనము నిరూపింపకున్నను, అబద్ధమును పట్టి యియ్యగలదు. 1891 నుండి అమెరికాలో దిగుమతియగు సరకుపై దేశము పేరు ఇంగ్లీషులో నుండవలెనని చట్టము అమలైనది. అడుగున ఇంగ్లీషు అక్షరములలో "చైనా" అని అచ్చుపడియున్నచో ఆ పాత్ర అంతకు ముందటిది కాజాలదని యెంచవలెను. అట్లే బంగారమునుండి సాధించిన గులాబీవన్నె ఎనామెల్ రంగు చీనా పింగాణిపై 1720 ప్రాంతములందు గాని రాలేదు. క్రోమియము అను లోహమును 1797లో గాని కనుగొనలేదు. గులాబీవన్నె పూవులును, క్రోమియపు ఆకుపచ్చయు గల పాత్రపై మింగు ముద్ర యున్నచో, అక్షరములు ఎంత అందముగా నున్నను నమ్మరాదు. వస్తువు తాను పుట్టిన కాలమునకు తరువాత వచ్చినదానిని ధరింపజాలదు.

రెండవ పరీక్ష: పాదము

పాత్రను బోర్లించి, అది నేలపై నిలుచు వలయమును చూడవలెను. అక్కడ గాజుపూత ఉండదు. మన్ను బయటబడి యుండును. సారెపై చేసిన పాత్ర పాదమును కత్తితో చెక్కి తీర్చుదురు. ఆ చెక్కుడు జాడలును, మన్నును పూతయు కలియుచోట సన్నని నారింజవన్నె గీతయు ప్రాత పాత్రలలో తరచు కనబడును. కాల్చునపుడు పాత్రను మంటబారినుండి కాపాడుటకై మట్టిగూటిలో నుంచుదురు. ఆ గూటి ఇసుక రేణువులు పాదమున కంటుకొని యుండుటయు కలదు. పోతపోసిన అచ్చుపాత్రకు ఈ జాడలు సామాన్యముగా నుండవు. దాని పాదము ఒకే మట్టముగ నుండును, అతుకు గీత కూడ కనబడవచ్చును.

ఐనను ఇచట ఒక జాగ్రత్త. జింగ్‌డెజెన్‌లో నేటికిని చేతిపనివారు సారెపై పాత్రలు చేయుచున్నారు. వారు పాదమును గూడ ప్రాతరీతిగా చెక్కగలరు. పాదము బాగున్నదని అంతటితో తృప్తిపడరాదు.

మూడవ పరీక్ష: కుంచె

మా విద్యార్థిని చేసినది ఈ పరీక్షయే. పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దము చాలును. కుంచె గీతయందు రంగు మొదట చిక్కగా నుండి, సాగినకొలది పలుచనగును. మలుపునందు నిలిచి చేరును. అచ్చుబొమ్మయం దట్లు కాదు. చుక్కల వరుసలు కనబడును, అంచులొకే రీతిగా నుండును, బొమ్మ అతికినచోట తీగ తెగి మరల మొదలగును.

పదునైదవ శతాబ్దపు తొలిభాగమునందలి నీలములో ఇనుము పాలు హెచ్చు. అది కాలునపుడు అక్కడక్కడ గుమిగూడి, పూతలోనికి చొచ్చి, నల్లని మచ్చలుగా నేర్పడెను. కుమ్మరి కోరి చేసినది కాదు, రంగుయొక్క స్వభావము. పదునెనిమిదవ శతాబ్దపు చిత్రకారులు ఆ మచ్చలను మెచ్చి, కుంచెకొనతో చుక్కలు పెట్టి అనుకరించిరి. భూతద్దముతో చూచినచో ఒకటి రంగు తానుగా పడిన తీరు, రెండవది చేయి పెట్టిన తీరు. లోపము కూడ ఒక సాక్ష్యమే. దానిని అనుకరించుట గుణమును అనుకరించుటకంటె కష్టము.

నాల్గవ పరీక్ష: అరుగుదల

నూరేండ్లు వాడిన పళ్ళెముపై సన్నని గీతలు అన్ని దిక్కులకు పోవును. తాకిడి తగిలినచోట హెచ్చుగ, తగులనిచోట తక్కువగ నుండును. గరుకు కాగితముతో రుద్దిన నకలుపై గీతలు ఒకే దిక్కునకు, ఒకే లోతున నుండును. ఆమ్లముతో మెరుగు తీసిన పాత్ర, చేయి దూరని మూలలందు గూడ మాసియుండును. బురద, టీనీరు, చెప్పుల పాలిషు పూసి ప్రాతదనము తెచ్చుటయు కలదు. తడిగుడ్డతో తుడిచినచో కొంత గుడ్డ కంటును. ఇంటిలో నిత్యము వాడు గిన్నె ఎచ్చట అరిగినదో ముందు చూచి, పిదప పరాయి గిన్నెను చూచినచో ఈ భేదము సులభముగా తెలియును.

చాలమంది మ్రోగించి చూచుదురు. మంచి పింగాణి గంటవలె మ్రోగును, బీటవారినది బొంగురుగ పలుకును. కాని ఈ మ్రోత పాత్ర గట్టిదో కాదో చెప్పునే గాని వయసు చెప్పదు. క్రొత్త పింగాణియు చక్కగా మ్రోగును.

శాస్త్రజ్ఞుల పరీక్షలు

మన్నులోని స్ఫటికములు ప్రకృతిలోని రేడియోధార్మికతవలన కొంత శక్తిని నిలువ చేసికొనును. గట్టిగా వేడిచేసినపుడు ఆ శక్తి వెలుతురుగా వెలువడిపోయి, లెక్క మరల సున్నకు వచ్చును. పాత్ర ఆవములో కాలినప్పుడు అది జరిగినది. నేడు దానినుండి చిన్న తునక తీసి వేడిచేసి, వెలువడిన వెలుతురును కొలిచినచో, కాలి ఎన్నాళ్ళైనదో సుమారుగా తెలియును. మరియొక పరీక్షయందు ఎక్సు కిరణములను ప్రసరింపజేసి రంగులోని లోహములను తెలిసికొందురు. పారశీకదేశమునుండి వచ్చిన కోబాల్టులో ఇనుము హెచ్చు, మాంగనీసు తక్కువ. చీనాదేశపు కోబాల్టులో మాంగనీసు హెచ్చు. పాత్ర చెప్పుకొను కాలమునకు ఆ లోహములు సరిపోవలెను.

వీనిని గూడ మోసగించువారు కలరు. విరిగిన ప్రాత పాత్ర అడుగును క్రొత్త పాత్రకు అతుకుదురు. తునక అడుగునుండి తీసినచో లెక్క నిజమే, పాత్ర మాత్రము అబద్ధము. కావున శాస్త్రపరీక్షయు తక్కిన సాక్ష్యములతో కలిపి చూడవలసినదే.

మనకు సమీపమున

చీనా పింగాణి మనకు పూర్తిగా పరాయిది కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, ఓడ పగిలి ఒడ్డుచేరిన వర్తకుల సరకు నపహరించు ప్రాతవాడుకను మాన్పెను. ఆ శతాబ్దములలో తూర్పుసముద్రముపై చీనా సరకు మన తీరములకు వచ్చుచుండెను. తమిళనాడున పెరియపట్టినమునందు చీనా పింగాణి పెంకులు దొరకినవి. బళ్ళారి సీమలోని మన పిల్లలు విహారయాత్రకు పోవు హంపిలోను త్రవ్వకములందు అట్టి పెంకులు బయల్పడినవి.

ఆ పెంకులకు అంగడిలో వెల లేదు. కాని ఏ పొరలో, ఏ గోడప్రక్కన, వేనితో కలిసి దొరకినవో వ్రాసిపెట్టుటవలన అవి చరిత్ర చెప్పగలవు. అమ్మువాని సంచిలోని నిండు కూజా ఎచ్చటిదో చెప్పజాలదు. అతడు చెప్పినదే దాని చరిత్ర. హంపిలో పెంకు కనబడినచో తీసి జేబులో వేసికొనకుడు. స్థానము తప్పిన పెంకు మూగది యగును. నిజమైన చీనా పాత్రలను చూడదలచినవారు హైదరాబాదున సాలార్‌జంగు మ్యూజియమునకు పోయి, వాని పాదములను, కుంచెగీతలను కన్నులార చూడవచ్చును. మంచిదానిని పలుమారు చూచిన కన్నే నకలును పట్టగలదు.

ముగింపు

ఆ పెద్దమనిషి యింటికి పోయి మా తప్పును ఒప్పుకొంటిమి. అమ్మినవాడు మరల ఆ ఊరికి రాలేదు. పెద్దకుమార్తె ఆ యేడు కళాశాలలో చేరలేకపోయినది. మరుసటి యేడు చేరినది. నష్టములో సగము మేము భరింతుమన్నను ఆయన ఒప్పుకొనలేదు. "మీరు తెలిసి చెప్పిన అబద్ధము కాదుగదా, అయ్యవారూ. పిల్లలకు చెప్పండి, చాలును" అనిరి. కూజాను బడికే ఇచ్చివేసిరి. నేడది మా తరగతి బల్లమీద నున్నది. దానిపై "క్రొత్త నకలు, నేర్చుకొనుటకు" అని తెలుగున, కన్నడమున వ్రాసి యంటించితిమి.

పైన పటారము, లోన లొటారమని మన పెద్దలు చెప్పిన సామెత వస్తువులకే గాదు, తొందరపడి తీర్పు చెప్పు పండితులకును వర్తించును. ఒక గుర్తు సరిపోయినంతమాత్రమున వస్తువు నిజమైనది కాదు. మన్ను, పాదము, కుంచె, రంగు, అరుగుదల, ముద్ర ఇవి యన్నియు ఒకే కథ చెప్పవలెను. ఒకటి వేరుమాట పలికినచో ఆగి మరల అడుగవలెను. తెలియనప్పుడు "తెలియదు" అని చెప్పుటకు వెనుదీయరాదు. తలిదండ్రులకు మా విన్నపమొకటి: వెల చెల్లించిన పిదప కాదు, చెల్లించుటకు ముందే భూతద్దమును పిల్లల చేతికిండు.

అభ్యాసము

1. ఇంటిలోని జాడీని, టీకప్పును పోల్చి, భేదములను ఐదు వాక్యములలో వ్రాయుడు.
2. ఆరక్షరముల ముద్రను చదువు క్రమమును తెలుపుడు. అది వయసునకు సాక్ష్యమేల కాజాలదు?
3. గులాబీవన్నె పూవులుగల పాత్రపై చెంగ్‌హువా ముద్ర కలదు. మీ తీర్పేమి? కారణము చెప్పుడు.
4. గౌరవముతో చేసిన నకలునకును, మోసమునకై చేసిన నకలునకును గల భేదమును ఒక ఉదాహరణముతో వివరింపుడు.
5. ఒక పళ్ళెమును భూతద్దముతో చూచి, దాని బొమ్మ కుంచెపనియో అచ్చుపనియో నిర్ణయించి, మీరు చూచిన గుర్తులను వ్రాసికొని తరగతికి రండు.